అబ్దుల్ బహా వీలునామా దొంగదని లండన్ నిపుణుడు తేల్చేశాడంటున్నారు, ఇందులో నిజమెంత?

బ్రాడీపేట కుర్రాడు (గుంటూరు):

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా మావయ్య విజయవాడలో ఉంటారు, ఎప్పటినుంచో బహాయీ (పందొమ్మిదో శతాబ్దంలో ఇరాన్‌లో మొదలైన మతం). నేను ఆ మతంలో చేరలేదు గానీ వాళ్ళింట్లో జరిగే ప్రార్థనలకి అప్పుడప్పుడు వెళ్తుంటాను, ఆ మనుషులంటే నాకు గౌరవం. మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో బాబాయ్ ఒక ఫార్వర్డ్ పెట్టారు. బహాయీల నాయకుడు అబ్దుల్ బహా 1921లో చనిపోయాక బయటికి తీసిన వీలునామా దొంగదట, లండన్‌లో ఒక చేవ్రాత నిపుణుడు పరీక్ష చేసి అది ఆయన రాసింది కాదని తేల్చేశాడట, కాబట్టి ఆ తర్వాత వచ్చిన నాయకత్వం, ఇప్పుడు ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఉన్న వాళ్ళ పెద్ద సభ, అంతా అబద్ధం మీద కట్టిందేనట. కింద ఇంకో పేరాలో 1957లో అసలు వీలునామాయే దొరకలేదని ఉంది. పైన దొంగ వీలునామా అంటారు, కింద వీలునామాయే లేదంటారు, చదివేసరికి నాకు తల తిరిగిపోయింది.

మావయ్య గ్రూపులో ఒక్క ముక్క కూడా రాయలేదు. ఫోన్ చేస్తే "ఎప్పటినుంచో అంటున్నదేలేరా" అని మాట మార్చేశారు. గొంతులో బాధ తెలిసిపోతూనే ఉంది. బాబాయ్‌తో గొడవ పెట్టుకునే ఉద్దేశం నాకు లేదు, ఆయన కూడా చెడ్డవాడేం కాదు, కనిపించింది పంపేస్తారంతే. నాకు కావాల్సింది ఒక్కటే. ఆ నిపుణుడి రిపోర్టు నిజంగా ఉందా? ఉంటే దానికి ఎంత విలువ ఇవ్వాలి? దయచేసి మతాల మీద తిట్లు వద్దు, తెలిసినవాళ్ళు తెలిసింది చెప్పండి.

పటమట లెక్చరర్ (విజయవాడ):

బాబూ, నేను బహాయీని, ఆ సంగతి ముందే చెప్తున్నాను, నా మాటల్ని ఆ లెక్కలోనే తీసుకో. రిపోర్టు ఉంది. లేదని ఎవరైనా అంటే నమ్మకు.

మొదటి నుంచి చెప్తాను. అబ్దుల్ బహా 1921 నవంబర్ 28న హైఫాలో పోయారు. ఆయన మనవడు (కూతురి కొడుకు) షోఘీ ఎఫెండీకి అప్పుడు 24 ఏళ్ళు, ఆక్స్‌ఫర్డ్‌లో బేలియల్ కాలేజీలో చదువుతున్నాడు. డిసెంబర్ చివర్లో హైఫా చేరుకున్నాడు. తాతగారు ఆయన పేరు మీదే సీలు వేసి పెట్టిన కవరు ఇంట్లో ఉంది. 1922 జనవరి 3న ముఖ్యంగా కుటుంబంలోని పెద్దవాళ్ళు ఉన్న 9 మందిని కూర్చోబెట్టి వీలునామా చదివి, రాత, సంతకం, సీలు చూపించారు. 7న వేరే వేరే దేశాల నుంచి వచ్చిన బహాయీల ముందు మళ్ళీ చదివారు. అందులో షోఘీ ఎఫెండీని ధర్మ సంరక్షకుడిగా, అంటే తన తర్వాత మతానికి నాయకుడిగా నియమించారు, విశ్వ న్యాయ మందిరం అనే ఎన్నికైన సభ (నువ్వు చెప్పిన హైఫాలోని పెద్ద సభ ఇదే) ఎలా ఏర్పడాలో కూడా రాశారు.

వీలునామా మూడు భాగాలు. ఒకేసారి కూర్చుని రాసింది కాదు, 1901 నుంచి 1908 మధ్యలో విడివిడిగా రాసింది. ఆ రోజుల్లో ఆయన హైఫా దగ్గర అక్కా అనే ఊళ్ళో మళ్ళీ నిర్బంధంలో ఉన్నారు. ఆటోమన్ సుల్తాను పంపిన విచారణ కమిషన్లు వచ్చిపోతున్నాయి, ఏ రోజు ఎక్కడికి పంపేస్తారో, ఉరి తీస్తారో తెలియని టెన్షన్. 1908లో యువ తుర్కుల విప్లవం వచ్చాక గానీ విడుదల కాలేదు. మొదటి భాగం చివర ఆయనే ఒక మాట రాసుకున్నారు, ఈ కాగితం చాలాకాలం భూమిలో దాచి ఉంచడం వల్ల చెమ్మ తగిలి కొన్నిచోట్ల పాడైందని. ఎవరి భయంతో దాచారో కూడా ఆ భాగం నిండా ఉంది, తమ్ముడు (సవతి తల్లి కొడుకు) ముహమ్మద్ అలీ తనకి వ్యతిరేకంగా చేసినవన్నీ ఒక్కొక్కటీ రాశారు.

ఇక అనుమానం లేవనెత్తింది రూత్ వైట్ అనే అమెరికన్ ఆవిడ. ఆవిడ కూడా బహాయీనే, హైఫా వెళ్ళి అబ్దుల్ బహాని కలిసొచ్చిన మనిషి. మతానికి ఒక సంస్థ, దానికి ఒక అధికారం అనే ఆలోచనే ఆవిడకి నచ్చలేదు. అలాంటి ఏర్పాటు అబ్దుల్ బహా చేసి ఉండరు, కాబట్టి వీలునామా దొంగదై ఉండాలి అనే దారిలో వెళ్ళింది. వీలునామా ఫోటోలు సంపాదించి లండన్‌లో చార్లెస్ ఐన్స్‌వర్త్ మిచెల్ అనే నిపుణుడికి ఇచ్చింది. ఆయన 1930లో రిపోర్టు ఇచ్చాడు. పేజీలన్నీ ఒకే చెయ్యి రాసినట్టు లేవని, అబ్దుల్ బహావి అని తనకి ఇచ్చిన మాదిరి రాతల లక్షణాలు వీలునామాలో ఎక్కడా కనిపించలేదని. ఆవిడ పాలస్తీనాలోని బ్రిటిష్ అధికారులకి కూడా రాసింది, వాళ్ళు కదల్లేదు. జర్మనీలో విల్‌హెల్మ్ హెరిగెల్ అనే పాత బహాయీ ఆవిడ వెంట నడిచాడు, అక్కడ ఒక చిన్న వర్గం ఏర్పడింది.

మీ మావయ్యగారి బాధ నాకు తెలుసు. మాలో చాలామంది ఈ రిపోర్టు ఊసెత్తడానికే ఇష్టపడరు. నేనైతే మా క్లాసుల్లో పిల్లలు అడిగితే పూర్తిగా చెప్తాను.

దస్తావేజుల మాస్టారు (గుంటూరు):

నేను బహాయీని కాదు, ఆ మతం గురించి నాకు పెద్దగా తెలీదు. కానీ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ దస్తావేజులు రాసుకుంటూ బతికినవాణ్ణి. కోర్టు గొడవల్లోకి వెళ్ళిన వీలునామాలు చాలా చూశాను. పైన అమ్మగారు చెప్పిన దాంట్లో నన్ను ఆపేసిన మాట "ఫోటోలు".

ఒరిజినల్ చేతిలో ఉంటే ఏం చూస్తారో చెప్తాను. కాగితాన్ని వెలుతురుకి అడ్డంగా వంచి పట్టుకుంటారు, పాళీ ఎక్కడ గట్టిగా నొక్కిందో గాడి కనిపిస్తుంది. వెనక్కి తిప్పి వేలితో తడిమితే కూడా కొన్నిసార్లు తెలుస్తుంది. దొంగ సంతకం పెట్టేవాడు మధ్యలో ఆగుతాడు, పాళీ ఎత్తి మళ్ళీ అదే చోట పెడతాడు, భూతద్దంలో ఆ అతుకు దగ్గర సిరా ముద్దగా ఉంటుంది. మడత ఉన్నచోట అక్షరం పడితే, మడత ముందా రాత ముందా అన్నది సిరా పాకిన తీరు చూసి చెప్పొచ్చు. చెమ్మ తగిలిన కాగితం అయితే ఇంకా జాగ్రత్త, సిరా అంచులు పాకి గీతలు లావెక్కుతాయి, మొదటి పేజీ రాత ఒకరిది, పదో పేజీ రాత ఇంకొకరిది అనిపిస్తుంది. ఇందులో సగం పైగా ఫోటోలో కనపడదు. అది కూడా 1920ల నాటి ఫోటో.

రెండోది, వయసు. ఏడేళ్ళ వ్యవధిలో మూడుసార్లు రాసిన కాగితాలు, మనిషి నిర్బంధంలో, ఒకసారి బల్ల మీద, ఒకసారి ఒళ్ళో పెట్టుకుని రాసి ఉండొచ్చు. ఒకే మనిషి రాతలో అంత తేడా రావడం నేను కళ్ళారా చూశాను. మా దగ్గర ఒక పెద్దాయన పక్షవాతం రాకముందు పెట్టిన సంతకం, తర్వాత పెట్టిన సంతకం పక్కపక్కన పెడితే కన్నకొడుకే గుర్తుపట్టలేదు.

మూడోది, భాష. ఆ రిపోర్టు ఇచ్చినాయనకి పారసీ, అరబీ వచ్చా? రాకపోతే మాత్రం చాలా ఇబ్బంది. తెలుగు రాని మనిషి చేతికి మన దస్తావేజు ఇస్తే, ఒకచోట గుండ్రంగా ఉన్న "ర", ఇంకోచోట కింద వొత్తుగా మారిన "ర" చూసి ఇద్దరు రాశారనుకుంటాడు.

పటమట లెక్చరర్ (విజయవాడ):

మాస్టారూ, సరిగ్గా అక్కడికే వచ్చారు. మిచెల్‌కి ఆ భాష రాదు. అరబీ లిపిలో ఒకే అక్షరం పదం మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా ఉంటుంది. పైగా అబ్దుల్ బహా రాసే షికస్తా శైలిలో మామూలుగా కలపని అక్షరాలు కూడా కలిపేస్తారు, చుక్కలు వదిలేస్తారు. దానికి అలవాటుపడిన కళ్ళు కావాలి.

ఇంకొకటి. మిచెల్ అల్లాటప్పా మనిషి కాదు. రసాయన శాస్త్రవేత్త, ది అనలిస్ట్ అనే శాస్త్ర పత్రికకి ఎడిటర్, సిరాల మీద పుస్తకం రాసినవాడు. ఆయన అసలు బలమే సిరా. ఈ కేసులో ఆయన చూడలేకపోయిందీ సిరానే. ఆ సంగతి ఆయనే రిపోర్టులో రాశాడు. ఒరిజినల్ చూసే అవకాశం లేదు కాబట్టి తన నిర్ణయం తాత్కాలికమే, సిరా, కలం గీత, కాగితం ఫోటోలో సరిగ్గా తేలవు, ఒరిజినల్ చూసి ధ్రువపరచుకోవాలి అని. నిజాయితీగా రాశాడు, ఆ విషయంలో ఆయన మీద నాకు గౌరవమే ఉంది. ఫార్వర్డుల్లో మాత్రం ఆ వాక్యం ఎప్పుడూ రాదు, "తేల్చేశాడు" అని మాత్రమే వస్తుంది.

ఇంకో అనుమానం కూడా ఉంది నాకు. అబ్దుల్ బహా పేరుతో వచ్చిన వేల ఉత్తరాల్లో చాలావాటిని ఆయన చెప్తుంటే కార్యదర్శులు రాసేవాళ్ళు, ఆయన చదివి దిద్ది కింద సంతకం పెట్టేవారు. అందుకని పోల్చడానికి ఇచ్చిన ప్రతి మాదిరీ ఆయన స్వహస్తంతో రాసిందేనని ముందు రుజువు కావాలి కదా.

హేతువు (కొత్తపేట, గుంటూరు):

నేను నాస్తిక కేంద్రం మీటింగులకి వెళ్ళేవాణ్ణి, ఏ మతం తరఫునా మాట్లాడను. రిపోర్టు బలహీనమైంది అన్నారు, ఒప్పుకుంటాను. రిపోర్టు బలహీనమైనంత మాత్రాన వీలునామా అసలుదని తేలిపోదు కదండీ, అవి రెండూ వేరు. నా ప్రశ్నలు మూడు.

షోఘీ ఎఫెండీ పుట్టింది 1897లో. అంటే 1901 నుంచి 1908 మధ్య ఆయన నాలుగేళ్ళ నుంచి పదకొండేళ్ళ పిల్లవాడు. ప్రపంచమంతా ఉన్న భక్తులకి తిరుగులేని నాయకుడిగా ఒక చిన్న పిల్లవాణ్ణి ఎవరైనా రాస్తారా? ఆ కాగితం ఆయన చనిపోయేదాకా ఉన్నది ఎవరి చేతుల్లో? ఇంట్లోవాళ్ళ చేతుల్లో, అంటే లాభపడే కుటుంబం దగ్గరే. ఇక మూడోది, అనుమానం ఉంది అన్నవాళ్ళని బయటికి పంపేసి, వాళ్ళతో మాటలు కూడా మానేయమంటే, లోపలున్నవాళ్ళు నిజం ఎలా తేల్చుకుంటారు?

మన దగ్గర చూడండి, 2021లో బ్రహ్మంగారి మఠం పీఠం కోసం ఎంత గొడవైందో, అక్కడా వీలునామా దగ్గరే పేచీ. పీఠం, ఆస్తి, భక్తులు ఒకచోట ఉంటే ప్రతి కాగితాన్నీ అనుమానించే తీరాలి. ఇది ఏ ఒక్క మతం మీదో కోపంతో చెప్పట్లేదు.

గవర్నర్‌పేట లాయర్ (విజయవాడ):

హేతువు గారి ప్రశ్నలు మంచివి. నేను సివిల్ కేసులు చూస్తాను కాబట్టి ఇదే గొడవ మన కోర్టుకొస్తే ఎలా చూస్తారో చెప్తాను. ఆ కాలానికి, ఆ దేశానికి మన చట్టం వర్తించదు, మన వారసత్వ చట్టమే 1925 నాటిది. అయినా ఆలోచించే పద్ధతికి పనికొస్తుంది.

వీలునామా విషయంలో మన సుప్రీంకోర్టు పెద్ద తీర్పు 1959 నాటి వెంకటాచల అయ్యంగార్ కేసు. అనుమానాస్పద పరిస్థితులు ఉంటే వాటిని తొలగించే బాధ్యత వీలునామా తెచ్చినవాడిదే అంది. కాబట్టి "మీరే దొంగదని రుజువు చెయ్యండి" అని బహాయీలు అంటే చాలదు, ఆ విషయంలో నేను హేతువు గారి వైపే. చేవ్రాత నిపుణుడి విషయానికొస్తే 1980లో మురారీలాల్ కేసు ఉంది. నిపుణుడి మాటని తోసెయ్యక్కర్లేదు గానీ జాగ్రత్తగా చూడాలి, ఆయన ఇచ్చిన కారణాలు పరిశీలించాలి, మిగతా సాక్ష్యం అంతా పక్కన పెట్టుకుని చూడాలి అన్నారు. ఒరిజినల్ చూడకుండా, లిపి తెలియకుండా, తాత్కాలికం అని తనే రాసుకున్న రిపోర్టు నా ముందుకొస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడదు. ఒక్క పూట పని.

మిగతా సాక్ష్యంలో నాకు అన్నిటికంటే బరువుగా కనిపించేది, ఆ రాతని బాగా ఎరిగిన శత్రువులు ఏమన్నారన్నది. అహ్మద్ సోహ్రాబ్ అనే ఆయన ఏళ్ళ తరబడి అబ్దుల్ బహా దగ్గర కార్యదర్శిగా, దుబాసీగా ఉన్నాడు, ఆ రాతని రోజూ చూసిన మనిషి. తర్వాత షోఘీ ఎఫెండీతో పూర్తిగా చెడి న్యూయార్క్‌లో వేరే సంఘం పెట్టాడు. బహాయీ సంస్థ ఆయన మీద కోర్టుకెళ్ళి, బహాయీ అన్న పేరు వాడుకునే విషయంలో 1941లో ఓడిపోయింది కూడా. వీలునామా దొంగదని తేలితే అందరికంటే లాభం ఆయనకే. అలాంటి మనిషి వీలునామా అసలైందేనని ఒప్పుకున్నాడు, షోఘీ ఎఫెండీ నడిపిన తీరుతోనే తన పేచీ అన్నాడు. వ్యతిరేకంగా చెప్పడానికి అన్ని కారణాలూ ఉన్నవాడు అనుకూలంగా చెప్తే ఆ సాక్ష్యాన్ని ఏ జడ్జీ తేలిగ్గా తీసుకోడు.

ముహమ్మద్ అలీ సంగతి కూడా చూడండి. అన్న పోగానే 1922 జనవరిలో ఆయన మనుషులు బహాయీ మత స్థాపకుడైన తండ్రి బహాఉల్లా సమాధి తాళాలు లాక్కున్నారు, బ్రిటిష్ వాళ్ళు మధ్యలోకి రావాల్సొచ్చింది. తన హక్కుకి ఆయన ఆధారంగా తెచ్చింది 1892లో పోయిన ఆ తండ్రి రాసిపెట్టిన కితాబే అహ్ద్ అనే వీలునామాని. అందులో అబ్దుల్ బహా తర్వాత స్థానం ముహమ్మద్ అలీదే, ఆ మాట నిజమే. ఆ పేచీ తండ్రి రాసింది అన్న మార్చగలడా అనేది. చేవ్రాత పేచీ ఎక్కడో అమెరికా నుంచి, ఆ భాష చదవలేని ఆవిడ దగ్గర నుంచి మొదలైంది.

పిల్లవాణ్ణి ఎవరైనా నియమిస్తారా అన్న ప్రశ్నకి, ఏ రోజు చంపేస్తారో తెలియని మనిషి, కొడుకులు బతికి లేని మనిషి, తమ్ముడి చేతికి పోకూడదని పట్టుదలగా ఉన్న మనిషి పెద్ద మనవడి పేరు రాయడం నాకు వింతగా అనిపించలేదు. మన వైపు ఆస్తులు మైనరు మనవడి పేర రాసే తాతలు బోలెడుమంది. పైగా ఫోర్జరీ చేయించుకునేవాడు తనని పిల్లవాడిగా చూపించే పాత తేదీలు ఎందుకు ఎంచుకుంటాడు?

కస్టడీ ప్రశ్న మాత్రం నిలుస్తుంది. ఇంట్లోనే ఉండటం తప్పు కాదు, వీలునామా ఇంట్లో కాక ఎక్కడుంటుంది. కానీ బయటివాళ్ళెవరూ లేకపోవడం లోటే. అది ఒప్పుకోవాలి.

బ్రాడీపేట కుర్రాడు (గుంటూరు):

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఇంత వివరం వస్తుందనుకోలేదు. మరి 1957 గొడవ ఏంటి? ఫార్వర్డ్‌లో రెండూ కలిపేశారు.

పటమట లెక్చరర్ (విజయవాడ):

అది పూర్తిగా వేరే కథ, కలపకూడదు. షోఘీ ఎఫెండీ 1957 నవంబర్ 4న లండన్‌లో హఠాత్తుగా పోయారు. పిల్లల్లేరు. హైఫాలో ఆయన బీరువాకి, బల్లకి సీళ్ళు వేసి, తర్వాత తొమ్మిదిమంది కలిసి తెరిచి వెతికితే వీలునామా దొరకలేదు. ధర్మ హస్తాలు అని పిలిచే 27 మంది పెద్దలు అప్పటికి బతికున్నారు, వాళ్ళలో 26 మంది వీలునామా లేదని సంతకం పెట్టారు. సంతకం పెట్టినవాళ్ళలో మేసన్ రేమీ ఒకరు. ఆయనే 1960లో నేనే రెండో సంరక్షకుణ్ణి అన్నారు, అంతర్జాతీయ బహాయీ మండలికి షోఘీ ఎఫెండీ తనని అధ్యక్షుణ్ణి చేశారు కాబట్టి అదే నియామకం అని. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు, ఆయన్ని బయటికి పంపారు. 1963 ఏప్రిల్‌లో విశ్వ న్యాయ మందిరం ఎన్నికైంది.

ఇక్కడ గమనించు బాబూ, రేమీ వర్గం వాళ్ళు అబ్దుల్ బహా వీలునామాని తప్పు అనరు, అనలేరు కూడా, వాళ్ళ వాదనంతా సంరక్షకుడు ఉండి తీరాలన్న ఆ వీలునామా మాటల మీదే. 1957 పేచీ మొత్తం అది అసలైందని ఒప్పుకున్నవాళ్ళ మధ్య జరిగింది. మీ బాబాయ్‌గారి ఫార్వర్డ్‌లో మొదటి పేరా, రెండో పేరా ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి అందుకే.

హేతువు గారూ, మీ మూడో ప్రశ్న నన్ను నొప్పించింది, కానీ అడగాల్సిందే. నాయకత్వాన్ని చీల్చే ప్రయత్నం చేసినవాళ్ళని దూరం పెట్టడం మా నియమం, ఆ వీలునామాలోనే ఉంది. ప్రశ్న అడిగినంత మాత్రాన ఎవర్నీ పంపరు. అయినా ఆ నియమం వల్ల మావాళ్ళలో చాలామంది రూత్ వైట్ ఏం రాసిందో చదవకుండానే కొట్టిపారేస్తారు, ఆ మాట ఒప్పుకుంటాను. నేను చదివాను. చదివాకే నా నమ్మకం గట్టిపడింది.

హేతువు (కొత్తపేట, గుంటూరు):

సోహ్రాబ్ సంగతి నాకు తెలీదు, అది గట్టి పాయింటే, తీసుకుంటున్నాను. నేను అడిగేది ఇప్పుడు ఒక్కటే మిగిలింది. ఒరిజినల్ హైఫాలో వాళ్ళ దగ్గరే ఉంది కదా. ఆ లిపి క్షుణ్ణంగా తెలిసిన బయటి నిపుణుల చేత, సిరా కాగితంతో సహా, ఒకసారి చూపించేస్తే పోతుంది. మిచెల్ అడిగింది కూడా అదే.

పటమట లెక్చరర్ (విజయవాడ):

చేయించాలనే నా కోరిక కూడా. అలా అడగడం అపచారం అని నేను అనుకోను.

దస్తావేజుల మాస్టారు (గుంటూరు):

చేయిస్తే ఆ మొదటి భాగం, చెమ్మ పట్టిన కాగితాలు ముందు చూడమనండి. భూమిలో దాచామని రాసుకున్నప్పుడు ఆ మచ్చ సిరా మీద ఉందా, సిరా కింద ఉందా అన్నది తేలితే చాలు. రాసిన తర్వాత చెమ్మ పట్టిందా, చెమ్మ పట్టిన పాత కాగితం మీద రాశారా అని అక్కడే తెలిసిపోతుంది.

బ్రాడీపేట కుర్రాడు (గుంటూరు):

ఈ థ్రెడ్ లింకు మావయ్యకి పంపాను. బాబాయ్‌కి గ్రూపులో కాకుండా విడిగా ఫోన్ చేసి మాట్లాడతాను, మిచెల్ తాత్కాలికం అని రాసిన మాట, సోహ్రాబ్ సంగతి రెండూ చెప్తాను. ఆదివారం విజయవాడ వెళ్తున్నా, లెక్చరర్ గారూ, మీ క్లాసు ఎక్కడ జరుగుతుందో మెసేజ్ పెట్టండి, వస్తాను.